వల భుజానికెత్తే వేళ

కామమ్మ నోరు పెద్దది. కోట ఊరి వీధుల్లో చేపల తట్ట దించకముందే ఆమె కేక వీధి చివరికి చేరేది. బేరమాడే ఆడవాళ్లను మాటలతో ఓడించి, ఆఖర్న ఒక చేప ఎక్కువ వేసి నవ్వించి పంపేది. పక్కింట్లో ఉండి ఆ గొంతు వినలేక ఎన్నిసార్లు విసుక్కున్నానో. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుని గొంతు పూడుకుపోయింది. తట్ట ముందు కూర్చుని చేత్తో సైగలు చేస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆశా కార్యకర్త ఎలిశబెతు వచ్చి క్షయ పరీక్షకని చిన్న సీసా ఇచ్చింది.

"పొద్దన్నే లేస్తానే గట్టిగా దగ్గి, గుండెల్లోనించి కళ్లె తియ్యాలక్కా. వట్టి ఉమ్మి పనికిరాదు."

కామమ్మ తలూపింది. కానీ ఆ ఇంట్లో పొద్దున్నే అది కుదిరే పని కాదు. మొగుడు ముత్యాలయ్య వల భుజానికెత్తింది మొదలు పడవ కనుమరుగయ్యేదాకా ఎవరూ కాండ్రించకూడదు, ఉమ్మకూడదు. గంగమ్మకు కోపం వస్తుందని భయం. అందరికంటే పట్టింపు కామమ్మకే. కోడలు సాయిలక్ష్మి కాపురానికొచ్చిన కొత్తలో ఆ వేళ దగ్గిందని పాలెమంతా వినేలా తిట్టింది. ఇప్పుడు దగ్గు తనకే ముంచుకొస్తే, నోట్లో కొంగు కుక్కుకుని కళ్లె మింగేసింది. పడవ పోయాక ఎంత దగ్గినా ఏమీ రాలేదు. నోరు ఊరించి, సీసా నిండా ఉమ్మి పోసి ఇచ్చింది.

"ఉమ్మే కదా, ఏదైతే ఏంది? నిండా ఇచ్చినా చూడు," అంది నాతో, బొంగురు గొంతుతో.

కోట ఆసుపత్రి మైక్రోస్కోపులో ఏమీ కనబడలేదు. ఇంతకంటే బాగా రోగాన్ని పట్టే మెషీను ఆ ఆసుపత్రిలోనే ఉంది. దాంట్లో వేసే సరుకు ఖరీదైనదట, అరకొరగా వస్తుందట. అందుకని మైక్రోస్కోపులో క్షయ తేలినవాళ్ల కళ్లెనే దాంట్లో పెడతారు. అంటే, దొరికినవాళ్లకు మంచి పరీక్ష, దొరకనివాళ్లకు దగ్గు మందు. దీనికి పొదుపని పేరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఉమ్మిలో మెషీనుకైనా రోగం దొరికేదో లేదో నాకు తెలియదు. పెట్టి చూస్తే కదా తెలిసేది.

కామమ్మ దగ్గు మందు తాగుతూ తట్ట మోసింది. మనవరాలిని పక్కలోనే పడుకోబెట్టుకుంది. నెత్తురు కక్కాక నెల్లూరు తీసుకుపోతే, అక్కడి మెషీను పూట తిరక్కుండా క్షయేనని చెప్పింది. అప్పటికే రెండు ఊపిరితిత్తులూ పాడైపోయినాయి. మందులు మొదలుపెట్టినా మనిషి నిలవలేదు.

మొన్నటినుంచి సాయిలక్ష్మి దగ్గుతోంది. ఎలిశబెతు ఆమెకూ ఒక సీసా ఇచ్చిపోయింది. నిన్న తెల్లవారుతుండగా ముత్యాలయ్య వల భుజానికెత్తాడు. తలుపు వెనక కోడలు నోట్లో కొంగు కుక్కుకోవడం చూశాడు. వల నేలమీద దించేశాడు.

"మింగబాక మే. దగ్గు. ఉమ్ము. గంగమ్మకు నేను చెప్పుకుంటాలే."

ఒడ్డునుంచి తోటివాళ్లు పిలుస్తున్నా కదల్లేదు. ఆ పిల్ల దగ్గినంతసేపూ సీసా తనే పట్టుకున్నాడు.

ఎలిశబెతు రాగానే అడిగాడు. "దీన్ని మంచి మెషీన్లో పెడతారా, మా కామమ్మకు చేసినట్టే చేస్తారా?"

"ముందు మైక్రోస్కోపులోనే చూస్తారన్నా," అందామె, తల దించుకుని.

ముత్యాలయ్య సీసా వదల్లేదు. ఎలిశబెతే అతని వేళ్లు విడదీసి తీసుకోవాల్సి వచ్చింది.