ఫింజాన్ సాయిబు

అఖీల్ సాయిబుకు రెండే పిచ్చులు. ఒకటి టీ, రెండోది టరెట్. టరెట్ అంటే పాత బాంబర్ విమానాలకు ఉండే గాజు బుడగ. అందులో మనిషి కూర్చుని, కుర్చీతో సహా తిరుగుతూ మెషిన్‌గన్ కాలుస్తాడు. కడప నుంచి వెళ్ళి మన వైమానిక దళంలో చేరిన అఖీల్ వయసులో ఉండగా ఆ బుడగలోనే కూర్చునేవాడు, కొత్తవాళ్ళకు నేర్పేవాడు కూడా. తర్వాత ఆ బాంబర్లు తుక్కుకు పోయాయి, వాటితోపాటే ఆయన విద్య కూడా పోయింది. కడపలో సైకిల్ షాపు పెట్టాడు, అది నడవక ఒమాన్ వచ్చి లారీల కింద దూరాడు. ఒళ్ళంతా గ్రీజు! సాయంత్రం టరెట్ కథ మొదలుపెడితే చాలు, రూమ్‌లో వాళ్ళు ముసుగుతన్ని పడుకునేవారు. పాపం!

తొంభైలో కువైట్ మీద ఇరాక్ వచ్చి పడింది. గల్ఫ్ అంతా ప్రాణాలు అరచేత పట్టుకుంది. సీబ్ దగ్గర ఒక శిబిరంలో హెలికాప్టర్ గన్నర్లను హడావిడిగా తయారుచేయాల్సి వచ్చింది, నేర్పేవాళ్ళేమో చాలలేదు. అక్కడికి లారీల రిపేరుకు వెళ్ళిన మన సాయిబు నోరు ఊరుకోదుగా! కెప్టెన్ సైఫ్ ముందు కూడా టరెట్ పురాణం విప్పాడు.

కెప్టెన్ ఓపిగ్గా విని, "సరే, ఈ వారం మా కుర్రాళ్ళకు నేర్పు. బుధవారం పరీక్ష. వాళ్ళు కొడితే ఇక్కడ ఉస్తాద్‌వి నువ్వే. లేదంటే నీ లారీలు నీకున్నాయి" అన్నాడు.

ఇక ఆ మనిషి ఆనందం చూడాలి! కరీంనగర్ లచ్చన్న ఆయన రూమ్మేటు. వెల్డింగ్ చేస్తాడు, బండీ నడుపుతాడు. ఇద్దరూ కలిసి లారీ వెనకభాగంలో తుక్కు పైపులతో తిరిగే కుర్చీ బిగించి, దాని ముందు మెషిన్‌గన్ పెట్టారు. కుర్చీ మొహం లారీ వెనక్కి. లచ్చన్న గతుకుల్లో బండి తోలుతుంటే, ఇసుకలో అక్కడక్కడా నిలబెట్టిన డ్రమ్ములను గన్నర్ కొట్టాలి. డ్రమ్ము ఎటుందో అఖీల్ వెనక నిలబడి అరవాలి. ఆ మోతలో ఒక్క మాట చెవిన పడితే గొప్ప.

"సీదా! సీదా!" అని సాయిబు గొంతు చించుకునేవాడు. డ్రమ్ము కుడివైపు ఉండేది. హమూద్ అనే సిపాయి మాత్రం ఎటూ తిరగకుండా ఎదురుగానే కాల్చి, ఉత్త ఇసుకను తూట్లు పొడిచేవాడు. మిగతావాళ్ళూ అంతే. రెండు రోజులు ఇదే భాగోతం.

చివరికి లచ్చన్నే బండి ఆపి దిగాడు. "అఖీల్ భాయ్, నువ్వు సీదా అంటే కుడిపక్క అనుకుంటున్నవ్. గీ దేశంల సీదా అంటే ముంగటికే పొమ్మని! నేను దినాం గా మాట ఇనుకుంటనే బండి నడుపుత. పోరగాండ్లు నువ్వు చెప్పిందే చేస్తున్నరు."

సాయిబు నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! మా ఇంట్లో సీదా హాత్ అంటే కుడిచెయ్యే కదప్పా! నోట్లో ఆ మాటే పాతుకోనుంది!"

కుడివైపుకు అరబ్బీలో యమీన్ అంటారని ఆయనకు తెలుసు. తెలిసి ఏం లాభం? బండి కదిలి డ్రమ్ము కనబడగానే, యమీన్ అందామని తెరిచిన నోట్లోంచి సీదా అనే ఊడిపడేది. మంగళవారానికి ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. టరెట్ రెండోసారి కూడా చేజారిపోతోంది.

ఆ దిగులులోనే లారీ నీడన కూలబడ్డాడు. హమూద్ కాఫీ తెచ్చాడు. సాయిబు పరధ్యానంగా ఎడంచెయ్యి చాపాడు. హమూద్ నవ్వుతూ కప్పు వెనక్కి తీసుకున్నాడు. ఎంత పెద్దవాడైనా కాఫీ కుడిచేత్తోనే అందుకోవాలి, అక్కడ అది మర్యాద.

సాయిబు అలాగే అతన్ని చూస్తూ ఉండిపోయాడు. కుడిచేతిలో కప్పు, అంటే ఫింజాన్. ఎడంచేతిలో కాఫీ కూజా, అంటే దల్లా. ఇంటింటా ఇలాగే పట్టుకుంటారు, ఎవరూ పొరపాటున కూడా మార్చరు.

"ఒరే హమూద్, పండగనాడు ఖంజర్ ఎక్కడ కట్టుకుంటావు?" అని తనకొచ్చిన అరబ్బీలో అడిగాడు.

ఆ వంకర బాకు కట్టుకునే చోటును, సరిగ్గా పొట్ట నడిమధ్య, హమూద్ తట్టి చూపించాడు.

"దొరికిందిరా లచ్చన్నా!" సాయిబు వేసిన కేకకు కాఫీ ఒలికిపోయింది.

బుధవారం కెప్టెన్ గట్టు మీద నిలబడ్డాడు. బండి కదిలింది. "ఫింజాన్!" అని అరుపు. కుర్చీ గిర్రున కుడికి తిరిగింది, డ్రమ్ము ఖంగుమంది. "దల్లా!" ఎడమ డ్రమ్ము ఎగిరిపడింది. "ఖంజర్!" ఎదురుగా ఉన్నది జల్లెడైపోయింది. ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు, ఒకరిని మించి ఒకరు కొట్టారు. పట్టలేని సంతోషంతో లచ్చన్న ఆపకుండా హారన్ మోగించాడు.

"వీళ్ళు యుద్ధానికి పోతున్నారా, కాఫీకి పోతున్నారా?" అని కెప్టెన్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే, "రేపు కొత్తవాళ్ళను పంపిస్తాను, ఉస్తాద్" అన్నాడు.

తొంభై ఏడులో ఇంటికి వచ్చేసేదాకా సాయిబు మళ్ళీ లారీ కింద దూరలేదు. సీబ్ చుట్టుపక్కల మనవాళ్ళందరికీ ఆయన ఫింజాన్ సాయిబు అయిపోయాడు.

ఆ బుధవారం మాత్రం, ఉస్తాద్ అన్న మాట విని ఆయన కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. హమూద్ కాఫీ పోసి కప్పు పట్టుకొచ్చాడు. కుర్రాళ్ళంతా ఒక్క గొంతుతో "ఫింజాన్!" అని అరిచారు.

సాయిబు కుడిచెయ్యి చాపాడు.