ఆరు సెకన్లలో అన్నయ్య మాట

మీరనేదీ నిజమేలెండి, కంపెనీవాళ్ళు బిగించి పంపినదాన్ని మనం విప్పకూడదు. మా ఇంట్లోనూ అందరూ అదే అన్నారు, నేనైతే రెండుసార్లు అన్నాను. కానీ మా వదిన చేతికి చిక్కిన వస్తువేదీ విప్పించుకోకుండా బయటపడిన దాఖలా లేదు. ఆవిడ వాచీలు బాగుచేస్తుంది. మెట్ల కింద మూడడుగుల గాజు పెట్టె, అందులో ఒక స్టూలు, ఒక లైటు, ఆవిడ. పక్కనే నా జిప్పులూ గుండీల కొట్టు. ముప్పై ఏళ్ళుగా ఆ మెట్ల కిందే ఉన్నాం కాబట్టి ఆవిడ గురించి నేను చెప్పేదాంట్లో అబద్ధం ఉండదు, కాస్త ఉప్పూ కారం ఎక్కువైతే అవ్వచ్చు.

వదిన మొగుడు, అంటే మా అన్నయ్య, బస్సు కండక్టరు. డిపోలో ఆయన పేరు మైకు. ఆయన స్టాపు పేరు అరిస్తే చివరి సీట్లో గుర్రు పెట్టేవాడు కూడా లేచి, తన స్టాపు కాకపోయినా దిగిపోయేవాడు. గొంతు ఎంతో నోరూ అంతే. పాతికేళ్ళు ఆయన బస్సే నడిపిన డ్రైవరు ఒకడున్నాడు. వాడొకటంటే అన్నయ్య రెండనేవాడు. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ ముందుగదిలో కూర్చుని ఒకరినొకరు ఉతికి ఆరేసుకునేవారు.

రెండేళ్ళ కిందట అన్నయ్య గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. అయితే ఆసుపత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ ముందే ఆయన్ని వారం రోజులు కూర్చోబెట్టి పేజీలకు పేజీలు చదివించి రికార్డు చేసుకుంది. తర్వాత ఒక ప్రోగ్రాం పెట్టిచ్చింది. ఏది టైపు చేస్తే అది అన్నయ్య గొంతుతోనే కంప్యూటరు పలుకుతుంది. ఆ కంప్యూటరు ఏదో ఆఫీసు మూసేస్తుంటే మాకు దొరికిన పాత నల్ల డబ్బా.

మాట వచ్చేది, అచ్చం అన్నయ్యదే. కానీ ఆలస్యంగా వచ్చేది. డ్రైవరు ఒకటనేవాడు. అన్నయ్య గబగబా టైపు చేసేవాడు, టికెట్ మెషీన్ మీద ఆరితేరిన వేళ్ళు కదా. ఆఖరి మీట నొక్కాక డబ్బా గుర్రుమనేది, ఆలోచించేది, తొమ్మిది సెకన్లు. ఈలోపు డ్రైవరు నేల చూసేవాడు, తర్వాత గోడ చూసేవాడు. చివరికి మాట బయటపడేసరికి "బాగుంది బాగుంది" అని నవ్వేవాడు. అది నవ్వు కాదని మా అందరికీ తెలుసు. నాలుగు ఆదివారాలయ్యాక వాడు వెక్కిరించడమే మానేశాడు. వచ్చి కూర్చుని, "మందులు వేసుకుంటున్నావా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు వాడు వెళ్ళాక అన్నయ్య కాగితం మీద రాశాడు. "వాడు నన్ను పేషెంటుని చేశాడు. ఈ డబ్బా కట్టిపెట్టండి."

ఆ పై ఆదివారమే డిపోలో డ్రైవరు రిటైర్మెంటు సభ. ఆ తర్వాత వాడు దూరంగా ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడు. అన్నయ్య సభకి రానని చెయ్యి ఊపేశాడు. నేను బతిమాలాను. వదిన బతిమాలలేదు. కొట్లోకి వచ్చి సొరుగులోంచి స్టాప్‌వాచ్ తీసి నాకు చూపించింది. ఎవరో బాగుచేయమని ఇచ్చి మరిచిపోయింది అది.

"మరదలా, నిన్నంతా ఇంటికొచ్చినవాళ్ళ ముందు కొంగు చాటున దీన్ని పట్టుకునే కూర్చున్నా. మాట కోసం మనుషులు ఆరు సెకన్లు ఆగుతారు. ఏడో సెకనుకి చూపు పక్కకెళ్ళిపోతుంది. నాకు మూడు సెకన్లు కావాలి, అంతే."

"బజార్లో దొరుకుతాయేమో చూడు వదినా, నాకూ రెండు పట్రా" అన్నాను.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన డబ్బాని దూరం నుంచే చూశాడు.

"అక్కా, వేగం పెంచాలంటే లోపలి సెట్టింగుల్లో ఆ వీలుండాలి. కంపెనీ బిగించిన వాటిలో అవి ఉంచరు. కొత్తది తీసుకోండి."

కొత్తది మా వల్ల కాదు. వదిన అక్కడే ఆ సెట్టింగులు తెరిపించింది. తారీఖు, టైము, ఏ డిస్కుతో మొదలవ్వాలి. అయిపోయింది.

"చూశావా, నేను వాచీలదాన్నని వీళ్ళకి ముందే తెలుసు. టైము మార్చుకోమని అదొక్కటే వదిలారు" అని వదిన పడీపడీ నవ్వింది.

తిరిగొచ్చి ముందు మూత విప్పింది. లోపల పరుపు కుట్టేంత దుమ్ము. ఫ్యాను కింద వేడిని లాగే పేస్టు ఎండి ఇటుకపొడి అయిపోయింది. "ఇంత దుప్పటి కప్పితే ఎవరు పరిగెడతారే?" అంటూ బ్రష్షుతో ఊడ్చి, కొత్త పేస్టు పూసింది. స్టాప్‌వాచ్ ఏడు చూపించింది. ఇంకొక్క సెకను మిగిలింది, ఎంత తుడిచినా అది మాత్రం తరగలేదు.

మర్నాడు ఆ రిపేరాయనే ఫోను పట్టుకుని వచ్చాడు. ఎక్కడో ఎవరో ఇలాంటి డబ్బాకే ఒక ఉపాయం రాసి, బొమ్మ కూడా గీసి పెట్టారట, అది వదిన ఫోనుకి పంపాడు. లోపలి చిప్పు అడుగున వందల బంగారు చుక్కలుంటాయి. వాటిలో ఒక చుక్క, ఈ చిప్పు ఎంత వేగంతో నడవాలో బోర్డుకి చెబుతుంది. ఆ ఒక్కదాని మీద టేపు అతికిస్తే బోర్డు ఇంకో మెట్టు పైకి నడిపిస్తుంది. సెట్టింగులతో పనే లేదు.

"చుక్క ఆవగింజలో సగం ఉంటుందక్కా. నా చేతులకి రాదు. కాలిపోతే మాత్రం నన్ననకండి" అన్నాడు.

కాలిపోతే ఆలస్యంగా మాట్లాడే అన్నయ్య కూడా ఉండడు. వదిన వెళ్ళి ఆయన్నే అడిగింది. ఆయన రాశాడు, "కట్టిపెట్టమన్నాను కదా."

"ఆ నిష్ఠూరం కట్టిపెట్టి, అవునో కాదో చెప్పండి."

అన్నయ్య తలూపాడు.

ముప్పై ఏళ్ళుగా వదిన చేసినది ముందుకు పరిగెత్తే వాచీల్ని వెనక్కి లాగడం. కంపెనీ చెప్పినదానికన్నా ముందు నడిచేది ఏదైనా రోగిష్టిదే అనేది. అలాంటి మనిషి గురువారం మధ్యాహ్నం కంటికి గ్లాసు పెట్టుకుని, బ్లేడుతో టేపు ముక్క కోసి, పట్టకారుతో ఆ చుక్క మీద అతికించింది. చిప్పు బిగించింది. బటన్ నొక్కింది.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. పది నిమిషాలైనా నల్లగానే ఉంది. గాజు పెట్టె బయట నిలబడ్డ అన్నయ్య మెల్లగా మెట్లెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. వదిన మాత్రం ఫోనులో బొమ్మనీ తన చేతినీ మార్చి మార్చి చూసింది. చూసి నెత్తిన కొట్టుకుంది.

"వాచీని ఎప్పుడూ వెనక నుంచే కదా మేం చూసేది. ఏ బొమ్మ చూసినా నా కళ్ళు కుడి ఎడమలు తిప్పేసుకుంటాయి. ఈ ఉపాయం రాసినవాడు బొమ్మని ముందే వెనక నుంచి గీశాడే. నేను మళ్ళీ తిప్పాను."

చిప్పు తీసింది. టేపు ఒలిచి, రెండో పక్కన ఉన్న చుక్క మీద కొత్త ముక్క అతికించింది. మళ్ళీ నొక్కింది. తెర వెలిగింది. స్టాప్‌వాచ్ ఐదూ పావు చూపించింది. నేను పైకి పరిగెత్తి అన్నయ్యని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"ఏం అన్నయ్యా, ఇన్నాళ్ళూ నీ నోరు లేక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాను, చూద్దామని.

ఆయన టైపు చేశాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను, డబ్బా అందుకుంది.

"నువ్వుండగా ప్రశాంతమెక్కడిదే?"

వదిన కంటిగ్లాసు తీసి తుడుచుకుంది, కన్ను కూడా తుడుచుకుంది. శుక్రవారమంతా ఆ డబ్బా చేత ఆపకుండా మాట్లాడించి, గంటకోసారి లోపల వేలు పెట్టి చూసింది. "జ్వరం లేదు, ఒళ్ళు వెచ్చబడింది అంతే" అని మూత బిగించింది.

ఆదివారం డబ్బా, తెర, స్పీకరు అన్నీ మోసుకుని బస్సెక్కాం. డబ్బాకి ఒక సీటు ఇచ్చాం. అన్నయ్య దానికీ టికెట్ తియ్యమని నా వైపు చెయ్యి చాపాడు. వదిన సంచిలో స్క్రూడ్రైవరు కూడా వేసుకుంది. డిపో గోడ గడియారం ఏళ్ళ తరబడి ఏడు నిమిషాలు ముందు నడుస్తోందని, వచ్చి సరిచేయమని మేనేజరు ఏడాదిగా అడుగుతున్నాడు. పనిలో పనిగా అదీ చూసేద్దామంది.

సభలో అందరూ మాట్లాడాక డ్రైవరు లేచాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో నా బండి ఒక్కరోజు లేటవ్వలేదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అన్నయ్య వేళ్ళు అప్పటికే పరిగెడుతున్నాయి. చప్పట్లు ఆగీ ఆగకముందే స్పీకర్లోంచి ఆ పాత గొంతు హాలంతా మోగింది.

"ఆ గడియారం ఏడు నిమిషాలు ముందుంటే నువ్వెందుకు లేటవుతావురా? లేటయింది బండి వెనక పరిగెత్తిన జనాలు."

నవ్వులకి డిపో పైకప్పు ఎగిరిపోయిందనుకోండి. డ్రైవరు అన్నయ్య వైపు తిరిగి నోరు తెరుచుకుని చూశాడు.

"ఒరే మైకూ, పాపం పేషెంటువని ఇన్నాళ్ళూ ఊరుకున్నానురా. చిల్లర ఎగ్గొట్టే వెధవా, ఇక చూడు నీ పని."

"చిల్లర సంగతి తర్వాత, ముందు బ్రేకెక్కడుందో కనుక్కో" అంది డబ్బా.

అలా గంటసేపు ఉతుక్కున్నారు. వదిన మొదటి మూడు జవాబులకే స్టాప్‌వాచ్ నొక్కింది. తర్వాత అది ఒళ్ళోనే ఉండిపోయింది.

చివర్లో మేనేజరు గుర్తుచేస్తే వదిన స్టూలెక్కి గడియారం మీద చెయ్యి వేసింది. డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు.

"వద్దు చెల్లెమ్మా, నేను ఈ గేటు దాటేదాకా దాన్ని ముట్టుకోకు. నా పరువంతా దానిమీదే ఉంది."

వదిన నవ్వుతూ దిగింది. వాడు గేటు దాటేసరికి చీకటి పడింది, మా డబ్బా మోసుకుని మేమూ ఆఖరి బస్సెక్కేశాం. మొన్న కూడా మేనేజరు ఫోను చేశాడు. వస్తానంది వదిన. స్క్రూడ్రైవరు ఇంకా ఆ సంచిలోనే ఉంది, డిపో గడియారం ఇంకా ఏడు నిమిషాలు ముందే ఉంది.