మోటారుకు జులాబు

లాల్‌దర్వాజ దగ్గర ఒక పెండ్లి ఊరేగింపు సాగుతుండగా పెండ్లికొడుకు ఎక్కిన మోటారు వెనుక గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చింది. పొగ విడిపోయేసరికి పెండ్లికొడుకు తెల్ల షేర్వానీ బాదం రంగుకు తిరిగింది. బ్యాండువాళ్లు దారి కనబడక అటుగా పోతున్న ఇంకో పెండ్లి వెంట వాయించుకుంటూ వెళ్లిపోయారు. సీటు సందులో ఎవరిదో ఇత్తడి పాన్‌దాన్ గుచ్చుకుంటున్నా పెండ్లికొడుకు మర్యాద కొద్దీ కదలకుండా కూర్చున్నాడు. ఇంతకు మించి నష్టమేమీ జరగలేదు. నిఖా కూడా జరిగింది.

కారణం ఏమిటంటే, ఆ పొద్దున ఆ మోటారుకు ఛత్రినాక కాంపౌండర్ ఇశ్రాయేలు జులాబు ఇచ్చాడు.

మనుషులకు విరేచనాలకని ఆముదం పట్టినట్టు మోటార్లకు జులాబు పట్టడం ఇశ్రాయేలుకున్న ఒకే ఒక్క పిచ్చి. మిషన్ దవాఖానలో మందులు కలపడం నేర్చుకొని వచ్చి, ఛత్రినాకలో చిన్న మందుల గది పెట్టుకున్నాడు. మనిషి కడుపునొప్పి అని వస్తే నాలుక చూసేవాడు, నాడి చూసేవాడు, నిన్న ఏం తిన్నావని అడిగేవాడు. మోటారు కనిపిస్తే మాత్రం పరీక్షలు లేవు. బానెట్ మీద చెవి ఆనించి, కళ్లు మూసుకొని, "కడుపు నిండ మసి" అనేవాడు.

అవి రెండో ప్రపంచ లడాయి రోజులు. పెట్రోలు కూపన్ల మీద దొరికేది, దొరికినదాంట్లో ఏం కలిసేదో దేవుడికే తెలియాలి. ఇంజన్లలో మసి పేరుకునే మాట నిజమే. దానికి ఇశ్రాయేలు మందు కిరసనాయిలు, స్పిరిట్, టర్పెంటైన్, చిటికెడు కర్పూరం. సీసాకు మోతాదులు తెలిసేలా అంచులు కత్తిరించిన కాగితం కూడా అతికించేవాడు. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో మందు పోసి, నానిన తర్వాత హ్యాండిల్ తిప్పమనేవాడు. పొగ వస్తే రోగి బంధువును అడిగినట్టు డ్రైవర్ని అడిగేవాడు. "నల్లగ వచ్చిందా? మంచిగ, సాఫ్‌గ అయిందా?"

అసలు నియమం ఆ తర్వాత ఉండేది. జులాబు పడ్డ బండిని నిలబెట్టకూడదు, ఒక్క బిగిన ఉరికించాలి. అదీ ఖాళీగా కాదు, వెనుక బరువు వేసుకొని. బరువు పడితేనే ఇంజను కష్టపడుతుందట, కష్టపడితేనే మసి వెళ్తుందట. ఇసుక సంచులు వేసుకుంటే పోదా అని ఎవరో అడిగితే, సంచులు కుదుపుకు ఒకపక్క ఒరుగుతాయి, మనుషులే మేలు అన్నాడు. మనుషులను తానే వెతికి ఎక్కించేవాడు.

నేను అప్పట్లో వకీలు ఆనందరావు సాబు దగ్గర మున్షీని. మోటారు నడిపేదీ నేనే. వకీలు సాబుకు ఆ నల్ల మోటారంటే ప్రాణం. నౌకరీలో చేరిననాడే ఖరారుగా చెప్పారు. "బానెట్ మీద గా కాంపౌండర్ చెయ్యి పడ్డా, వెనుక సీట్ల నేను గాక ఇంకోలు కూసున్నా, గా దినమే నీ నౌకరీ ఖతం." ఆ నౌకరీ పోతే నేను మా మామగారి కట్టెల అడితిలో కూర్చోవాలి. మా మామగారు చాలా మంచివారు. నా భయమంతా అదే.

ఒకనాడు వకీలు సాబు ఛత్రినాకలో ఒక క్లయింటు ఇంటికి భోజనానికి వెళ్లారు. తిని, కునుకు తీసి, సాయంత్రం అసర్ అజాన్ కాగానే ఒక నవాబుగారి దేవిడీకి పోవాలి. గల్లీ ఇరుకు, బండి పోదు. ఎండ మండుతోంది. సడకు పొడుగునా నీడ ఉన్నది ఒక్క చోటే, ఇశ్రాయేలు గది ముందు. బండి అక్కడ ఆపి, బానెట్‌కు అడ్డంగా నిలబడ్డాను.

"మున్షీసాబ్, దమ్ము అందుతలేదు" అన్నాడు ఇశ్రాయేలు.

"దండం పెడత అన్నా, దాన్ని ముట్టకు. నా నౌకరీ పోతది. అసర్ కాంగనె సాబ్‌ను నవాబ్ దేవిడీకి తోల్కపోవాలె."

"ముట్ట. నువ్వే చెమటలు గక్కుతున్నవ్. లోపల కూజ ఉన్నది, చల్లగ తాగిపో."

తాగి, ఆ చల్లదనానికి కాసేపు కునికి వచ్చేసరికి బానెట్ తెరిచి ఉంది. ఎనామిల్ తట్టలో ప్లగ్గులు పీకిన పండ్లలా వరసగా ఉన్నాయి. సీసా చివరి మోతాదు దాకా ఖాళీ.

"ఏం జేసినవ్ అన్నా?"

"పోసిన. ఇగ ఉరికియ్యకుంటే మీ వకీల్‌సాబ్ ఎక్కినంక గా దేవిడీ గేటు కాడ కక్కుతది. నీ ఇష్టం."

నవాబుగారి దేవిడీ, నల్లబడ్డ వకీలు సాబు, ఆ వెనుక మామగారి అడితి, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. ప్లగ్గులు బిగించి హ్యాండిల్ తిప్పాను. పొగ లేచింది. పొగలోంచి మంత్రసాని కాశమ్మ వచ్చింది. ఆమె భుజం మీద వాలిపోయి పాలవాళ్ల దుర్గయ్య కోడలు బుచ్చమ్మ. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని పొద్దుటినుంచి బస్తీ అంతా అనుకుంటున్నదట. టాంగా కుదుపుకు ఆ పిల్ల తట్టుకోదు.

"బరువు వచ్చింది" అన్నాడు ఇశ్రాయేలు, వాళ్లను వెనుక సీట్లో పడుకోబెడుతూ. "నయాపూల్ కాడి జనానా దవాఖాన దాకా ఉరికిస్తెగాని గీ మసి పోదు. నడుమ ఆపితివా, ఇంజను ఖరాబైతది. తిరిగొచ్చేటప్పుడు బరువు లేకున్నా పర్వాలేదు."

బండి కదిలించాను. బుచ్చమ్మ మూలిగినప్పుడల్లా వేగం పెంచాను, అజాన్ వేళ గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ పెంచాను. "ఉరికియ్యమంటే గుంతల్లనే ఉరికిస్తవేంది బిడ్డా" అని కాశమ్మ వెనుకనుంచి తిడుతూనే ఉంది. చార్మినార్ దగ్గర పోలీసాయన ఆగమని చెయ్యి ఎత్తాడు, పొగ చూసి అదే చేత్తో ముక్కు మూసుకున్నాడు. దవాఖాన ఆయాలు స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే బుచ్చమ్మ నా వైపు చూసి ఏదో అనబోయింది. నేను సూర్యుడి వైపు చూస్తున్నాను.

తిరిగి వచ్చేసరికి అసర్ నమాజు చేసినవాళ్లు ఇళ్లకు పోతున్నారు. ఇశ్రాయేలు గది మూసి ఉంది. వకీలు సాబు సడకు మీద గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నారు. వెనుక తలుపు తీశారు. సీటు మీద పగిలిన ఆకుపచ్చ గాజు ముక్కలు, గుప్పుమని ఆముదం వాసన.

"ఎవలు కూసున్నరు?"

"బరువు, సాబ్" అన్నాను. అంతకంటే తెలివైన మాట తోచలేదు.

ఆయన గొడుగు మూసి, నా పక్క సీట్లో కూర్చుని ఇంటికి తోలమన్నారు. మర్నాడు బండిని ముష్తాక్ మిస్త్రీ దగ్గరికి తీయించి ఇంజను విప్పించారు. లోపల కడిగిన కంచంలా ఉందనీ, ఇది ఒక్కరోజు మందుకు వచ్చే శుభ్రం కాదనీ, వెళ్లిన పొగంతా కిరసనాయిలు మండిన పొగేననీ ముష్తాక్ చెప్పాడు. వకీలు సాబు ముఖం ఎర్రబడింది. "తియ్ బండి. గా కాంపౌండర్ ముంగటనే వానిదీ నీదీ ఒక్కపాలి తేలుస్త" అన్నారు.

ఛత్రినాకలో బండి ఆగీ ఆగకముందే దుర్గయ్య పరుగున వచ్చి మడ్‌గార్డుకు మొక్కాడు. చేతిలో మూతపెట్టిన గిన్నె. "తల్లీ బిడ్డ సల్లగున్నరు, బాంచెన్. మోటారు మీరే పంపిచ్చిండ్రని కాంపౌండర్ సాబ్ చెప్పిండు. మీ కడుపు సల్లగుండ. ఇంట్ల బర్రె ఈనింది, జున్ను తెచ్చిన."

బస్తీ అంతా చుట్టూ చేరింది. కాలికి కట్టుతో గడప దగ్గర మంచం మీదున్న ఇక్బాలున్నీసా అమ్మ చేతులెత్తి వకీలు సాబుకు దువా ఇచ్చి, పనిలో పనిగా నన్నడిగింది. "బేటా, నన్ను దవాఖానకు తోల్కపోయిన గా పెండ్లి మోటర్ల నా పాన్‌దాన్ మర్చిపోయిన. ఎవలకన్నా దొరికిందా?"

ఇశ్రాయేలు వైద్యంలో బరువంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

తిట్టడానికని దిగిన వకీలు సాబు గిన్నె అందుకోవలసివచ్చింది. అంతమంది దీవిస్తుంటే తిట్లు వకీలుకైనా దొరకవు. చివరికి గిన్నె నా చేతికిచ్చి, "ఒలకనియ్యకు" అన్నారు. నా ప్రాణం కుదుటపడింది. నౌకరీలోంచి తీసేసే మనిషికి ఎవరూ జున్ను అప్పగించరు.

అయినా వకీలు వకీలే. నన్ను వెంటబెట్టుకొని ఇశ్రాయేలు గదిలోకి వెళ్లి, బయటికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగారు. "గదంత సరే కాంపౌండర్. నా బండ్ల మసే లేదని మిస్త్రీ అంటున్నడు. రోగం లేని బండికి జులాబు ఎందుకిచ్చినవ్?"

ఇశ్రాయేలు కొత్త సీసాకు మోతాదు కాగితం అతికిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"రోగం బండికని నేనెప్పుడన్న సాబ్?"