బాణీ తీసేసిన కాపీ

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా ఆఫీసులో ఆరో అంతస్తు దగ్గర లిఫ్టు దానంతటదే తెరుచుకుంటోందని కొందరు భయపడుతుంటే, మెకానిక్‌ని అడిగి, సెన్సార్ మీద దుమ్ము పేరుకుందని కనుక్కొచ్చి, అందరి ఉత్సాహం మీదా నీళ్లు చల్లినవాణ్ణి నేను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు కనబడిందంటే దానికో కారణం ఉండి తీరుతుంది, దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. పదకొండేళ్లుగా ఈ మాట మీదే అన్నం తింటున్నాను.

కాబట్టి మిమ్మల్ని నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

ముందు నాకున్న పిచ్చి గురించి చెప్పాలి. ప్లాట్ల ప్రకటనల్లో, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు చూపించే వీడియోల్లో వెనకాల మాటల్లేని సంగీతం వస్తుంది కదా. చాలావరకు అది ఆ వీడియో కోసం చేసింది కాదు. అలాంటి ముక్కల్ని పోగేసి ఉంచే మ్యూజిక్ లైబ్రరీలు ఉన్నాయి. వీడియోలు చేసేవాళ్లు వాటిలో వెతుక్కుని తమకు నప్పింది తీసుకుంటారు. నాలాంటివాళ్లు ఇంట్లో కూర్చుని ముక్కలు కట్టి ఆ లైబ్రరీలకు పంపుతూ ఉంటారు.

పేరు రాదు. ఎవరికీ తెలియదు. అయినా మన ముక్క ఎప్పుడో ఒకరోజు ఎవరింట్లోనో టీవీలో మోగుతుందని ఆశ. ప్రగతి నగర్‌లో ఒక్క పడకగది అద్దె ఇంట్లో, ప్రతిధ్వని తగ్గడానికి గోడకు పరుపు ఆనించి, శని ఆదివారాలన్నీ ఆ ఆశకే ధారపోశాను. మా అమ్మ నంద్యాల నుంచి ఫోన్ చేసి పెళ్లి మాట ఎత్తితే, ఈ ఒక్క ముక్క పూర్తి కానీ అనేవాణ్ణి.

మల్లేశన్న మా ఆఫీసు క్యాబ్ డ్రైవర్. సిద్దిపేట అవతల ఏదో ఊరు. భార్యతో బాచుపల్లిలో కిరాయికి ఉండేవాడు. ఉదయం నన్ను ఎక్కించుకుని, బాచుపల్లిలో ఇంకొకరి కోసం ఆగి, హైటెక్ సిటీకి తీసుకెళ్లేవాడు. ఆ ఇంకొకరు ఎప్పుడూ ఆలస్యమే. ఒకరోజు అలా ఆగినప్పుడు డోరు పక్క అరలోంచి ఎర్ర తువ్వాలలో చుట్టిన పిల్లనగ్రోవి తీశాడు. భజనల్లో వాయించేవాడట. వేలితో దాని మీద రెండుసార్లు తట్టి, చిన్నగా ఊపిరి వదిలి, మొదలుపెట్టాడు. నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ రోజు ఆ మూడో మనిషి ఇంకా ఆలస్యంగా వస్తే బాగుండనిపించింది.

తర్వాత రెండేళ్లు మేమిద్దరం కలిసి ముక్కలు కట్టాం. బాణీ ఆయనది, మిగతాదంతా నాది. రికార్డింగ్ క్యాబ్‌లోనే. నా గదిలో ప్రతిధ్వని ఎక్కువ, కారు సీట్లు దాన్ని మింగేస్తాయి. ఆదివారం పొద్దున ప్రగతి నగర్ చెరువు పక్కన బండి ఆపి, అద్దాలన్నీ ఎక్కించి, చప్పుడు రాకూడదని ఏసీ కట్టేసేవాళ్లం. పది నిమిషాల్లో ఇద్దరం చెమటతో తడిసిపోయేవాళ్లం.

"బండి గరమైంది తమ్మీ. గిట్లుంటే శ్రుతి ఎక్కుతది. జర అద్దం దించు" అనేవాడు. "ఇంకొక్కసారి వాయించన్నా, అయిపోతుంది" అనేవాణ్ణి నేను.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. బాణీ చివర షడ్జమం, అంటే 'స' మీద దిగేవాడు కాదు. దానికి ఒక్క స్వరం ముందు, నిషాదం దగ్గర ఆపేసి నా వైపు చూసి నవ్వేవాడు. "ఇల్లు కనవడ్తుంది, ఇంకా పోలే" అనేవాడు. లైబ్రరీలకు అలా వేలాడే ముగింపులు పనికిరావు. వీడియో కత్తిరించేవాళ్లకు ముక్క ఠక్కున తెగాలి. ఎంత చెప్పినా వినేవాడు కాదు.

నాలుగు ముక్కలు పంపాం. రెండింటికి వద్దన్నారు, రెండింటికి జవాబే లేదు. ఐదోదానికి మాత్రం ఒక విదేశీ లైబ్రరీ నుంచి వివరంగా ఉత్తరం వచ్చింది. అక్కడ ముక్కలు విని ఎంపిక చేసే ఆవిడ రాసింది. బాణీ చాలా నచ్చింది, కానీ ఫ్లూట్ మిగతా వాయిద్యాలకన్నా కొంచెం పైశ్రుతిలో ఉంది, ముగింపు వేలాడుతోంది, ఈ రెండూ సరిచేస్తే తీసుకుంటాం అని. వాయించిన ప్రతి ఒక్కరి పేరూ, సంతకమూ ఫారంలో ఉండాలని కూడా రాసింది.

మళ్లీ వాయించమని అన్నను అడగొచ్చు. నేను అడగలేదు. ఆయన పిల్లనగ్రోవి ట్రాకు తీసేసి, అదే బాణీని కీబోర్డులోని ఫ్లూట్ శబ్దంతో నేనే వాయించి, చివర షడ్జమం మీద దింపి పంపాను. ఫారంలో నా ఒక్కడి పేరే రాశాను. వారంలో ఒప్పుకున్నారు. శ్రుతి ఎక్కింది ఆయన వల్ల కాదు, అద్దాలు మూసి ఏసీ కట్టేసిన నా వల్ల అని అప్పుడు తట్టనే లేదు. వేడికి వెదురు శ్రుతి పెరుగుతుందని ఆయన చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు క్యాబ్ ఎక్కగానే చెప్పాను, మన ముక్క తీసుకున్నారన్నా అని.

ఆయన బండి పక్కకు ఆపాడు. "నిజంగనా? నా పిల్లంగోవి ఉన్నదా తమ్మీ అండ్ల?"

"ఉందన్నా."

అంతే, ఒక్క మాట. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు రెండు నెలలు టైముంది, తీసుకోలేదు. ఆయన మదీనాగూడలో టీ బండి దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. వినిపించమంటే, విడుదలయ్యేదాకా వినిపించకూడదని ఇంకో అబద్ధం ఆడాను. ఆయన దాన్నీ నమ్మాడు.

రెండు నెలల తర్వాత మల్లేశన్నకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ఇంట్లోనే గోలీలు వేసుకుని, నాలుగోరోజు దవాఖానకు వెళ్లాడు. ఆరోరోజు పోయాడు. నలభై నాలుగేళ్లు.

బాచుపల్లి వెళ్లాను. ఆయన భార్య లక్ష్మి వదినను చూడటం అదే మొదటిసారి. నన్ను చూసి, "నువ్వేనా పాటల తమ్మివి" అంది. కాసేపయ్యాక నెమ్మదిగా చెప్పింది, ప్రకటనలు రాగానే ఆయన టీవీ సౌండ్ పెంచేవాడట. సీరియల్ వస్తే తగ్గించేవాడట. "ఎప్పుడొస్తది తమ్మీ ఆ పాట?" అని అడిగింది. త్వరలో వస్తుంది వదినా అన్నాను.

ఆ తర్వాత ఉదయం క్యాబ్‌లో ఎవరో కొత్త డ్రైవర్. బాచుపల్లిలో బండి ఆగిన ప్రతిసారీ డోరు పక్క అర వైపు నా కళ్లు పోయేవి.

ఐదు నెలల తర్వాత ఆ లైబ్రరీ నుంచి కబురు. ముక్క విడుదల చేయబోతున్నాం, బాణీ లేని కాపీ కూడా పంపండి అని. ఇది మామూలే. ప్రకటనలో మనిషి మాట్లాడుతున్నప్పుడు బాణీ అడ్డం రాకుండా, తాళం, గిటారు మాత్రమే ఉన్న కాపీ ఒకటి అడుగుతారు. కీబోర్డు ఫ్లూట్ వినబడకుండా మ్యూట్ చేసి, కాపీ తీసి, మొదటినుంచి చివరిదాకా విని పంపాను. విన్నానని గట్టిగా చెప్పగలను. వినకుండా పంపడం నా వృత్తిలో లేదు.

నాలుగు రోజులకు మధ్యాహ్నం రెండింటికి, ఆఫీసు క్యాంటీన్‌లో ఉండగా జవాబు వచ్చింది. బాణీ లేని కాపీలో ఒక నిమిషం పన్నెండో సెకను నుంచి ఫ్లూట్ ఉంది, పొరపాటున వదిలేసినట్టున్నారు, అయితే అది ఎంత బాగుందంటే అలాగే ఉంచాలని ఉంది, వాయించినవారి పేరు, సంతకం పంపగలరా అని.

కీబోర్డు ట్రాకు మ్యూట్ చేయడం మరిచిపోయాననుకున్నాను. ముక్కలు కట్టేవాళ్లందరూ చేసే తప్పే అది. ల్యాప్‌టాప్ తెరిచి నా కాపీ విన్నాను. ఫ్లూట్ లేదు. వాళ్ల సైటులోంచి నేను పంపిన ఫైలునే దించుకుని విన్నాను.

ఒక నిమిషం పన్నెండో సెకను దగ్గర వెదురు మీద రెండుసార్లు తట్టిన చప్పుడు. చిన్న ఊపిరి. తర్వాత మల్లేశన్న.

ముందున్న ప్లేటు జరిపేసి, హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకు అదుముకున్నాను. మా బాణీయే. కానీ శ్రుతి సరిగ్గా ఉంది. ఉక్కపోత లేని చోట, అద్దం దించుకుని వాయించినట్టుంది. చివర నిషాదం దగ్గరికొచ్చి ఆగాడు. నేను ఎదురుచూశాను. మెల్లగా షడ్జమం మీదికి దిగి, గిటారు ఆఖరి మీటుతో పాటే ఆపాడు.

ఎదుటి కుర్చీలో మా టీమ్ శిరీష ఉంది. కాకినాడ అమ్మాయి. ఏమీ చెప్పకుండా రెండు ఫైళ్లూ వినిపించాను. మొదటిదానికి ఏమీ అనలేదు. రెండోది విని, "ఎవరండీ వాయించింది? మీకు ఒంట్లో బాగానే ఉందా అండి?" అంది. నా ముఖం అలా ఉండి ఉంటుంది.

ఆ సాయంత్రం నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. రెండు ఫైళ్ల సైజు చివరి అంకెదాకా ఒక్కటే. ప్రాజెక్టులో ఆయన ట్రాకు మ్యూట్ చేసి పెట్టింది కాదు, పూర్తిగా చెరిపేసింది. విడిగా దాచుకున్న పంతొమ్మిది రికార్డింగులూ విన్నాను. అన్నింటిలోనూ శ్రుతి కాస్త పైనే ఉంది. ఒక్కదానిలో కూడా ఆయన షడ్జమం మీద దిగలేదు.

లైబ్రరీకి నిజం రాశాను. వాయించింది మల్లేశ్, ఆయన లేరు, మొదటిసారి పేరు రాయకపోవడం నా తప్పు అని. భార్య సంతకం చాలు అన్నారు. శనివారం ఫారం, ల్యాప్‌టాప్ పట్టుకుని బాచుపల్లి వెళ్లాను. దారంతా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను, గుమ్మంలో అన్నీ పోయాయి.

హెడ్‌ఫోన్స్ వదినకు పెట్టి, ఆ ఫైలు మొదలుపెట్టాను. ఆమె కళ్లు మూసుకుంది. తెర మీద ఒక నిమిషం పన్నెండో సెకను రాగానే ఆమె వేలు మంచంపట్టె మీద రెండుసార్లు తట్టింది. అయిపోయేదాకా కదల్లేదు.

అప్పుడు చెప్పాను. అన్న బతికుండగా నేను అబద్ధం చెప్పాను వదినా, ఆయనది తీసేశాను, అందులో లేదు అని.

ఆమె నన్ను వింతగా చూసింది. "లేదంటవేంది తమ్మీ, ఇప్పుడు ఇన్న గదా. ఉన్నదని నువ్వే చెప్పినవట. ఉన్నది."

ఫారం మీద సంతకం చేసింది. నేను ఏడ్చాను, దాచేదేముంది.

ఇంటికొచ్చి మళ్లీ విందామని ఆ ఫైలే తెరిచాను. ఫ్లూట్ లేదు. తాళం, గిటారు, అంతే. సైటులోంచి మళ్లీ దించుకున్నాను, లేదు. సోమవారం శిరీషకు వినిపిస్తే, "ఇది ఆ మొదటిది కదండీ" అంది. వారం తర్వాత లైబ్రరీ ఆవిడ రాసింది, ఫారం అందింది, పేరు ఎక్కించాం, కానీ ఫ్లూట్ ఉన్న కాపీని మీరు ఎందుకు మార్చేశారు అని. నేను మార్చలేదు.

ఆఫీసులో మళ్లీ రప్పించలేని తప్పు ఏదైనా ఉంటే, కాంట్ రిప్రొడ్యూస్ అని రాసి మూసేస్తాం. దీన్ని నేను మూయలేకపోతున్నాను. ఇప్పటికీ శనివారం పొద్దున ఆ కాపీ పెట్టుకుని, ఒక నిమిషం పన్నెండో సెకను దాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. ఆయన మళ్లీ తడితే బాగుండు. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో నాకు తెలియదు. ఫారంలో మాత్రం పిల్లనగ్రోవి, మల్లేశ్ అని ఉంది.

అది పోయిందని వదినకు ఇంకా చెప్పలేదు. పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఏదో సీరియల్ నడుస్తోంది. ప్రకటనలు రాగానే ఆమె మాట ఆపి, రిమోట్ తీసుకుని సౌండ్ పెంచింది. నేనూ టీ గ్లాసు కింద పెట్టి వింటూ కూర్చున్నాను.