కళ్లు ముట్టుకునే ఆట

ఆరో తరగతి. ఎనభై మూడు మంది పిల్లలు. ఒక్క రేకుల షెడ్డు. ఇప్పటికీ తలుచుకుంటే నా గొంతు నొప్పెడుతుంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను, ఎన్నో ఆటలు ఆడించాను. ఆ ఒక్క ఆట మాత్రం మళ్ళీ ఆడించలేదు.

గుంటూరుకు పడమటగా, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న ఊరది. పందొమ్మిది వందల యాభైల చివర్లో నన్ను అక్కడ టీచరుగా వేశారు. వేశారంటే టెంపరరీగానే. రెండో ఏడు జరుగుతున్నా ఖాయం చేయలేదు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, నా పాఠం చూసి, బాగుందని రాస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. రాయకపోతే చీరాలలో మా అన్నయ్య ఇంటికి పోవాలి. మగ్గం పక్కన కూచుని నూలు కండెలు చుట్టాలి. వదిన మొహం చూస్తూ అన్నం తినాలి. ఆ అన్నం ఒకసారి తిన్నదాన్నే. మళ్ళీ తినడం నా వల్ల కాదు.

నేను చేరిన ఏడాది వేసవిలో గుంటూరులో మాకు శిక్షణ ఇచ్చారు. తరగతి ఎంత పెద్దదైనా ఆటలతో ఇంగ్లీషు నేర్పొచ్చని చెప్పారు. చెప్పిన మహానుభావుడు ఇరవై మందిని నిలబెట్టి ఆడించి చూపించాడు. వాళ్లేమో తలలు దువ్వుకుని, పౌడర్లు రాసుకుని వచ్చిన టౌను పిల్లలు. "ఎంతమందినైనా ఇలాగే ఆడించండి" అన్నాడు. ఎంతమందినైనా! ఆయన సొమ్మేం పోయింది? అరిచి చచ్చేది నేను గదా.

అన్నిట్లో నాకు పనికొచ్చింది ఒక్కటే ఆట. పిల్లలంతా లేచి నిలబడాలి. నేను "టచ్ యువర్ నోస్" అంటే ముక్కు, "టచ్ యువర్ ఇయర్స్" అంటే చెవులు ముట్టుకోవాలి. తప్పినవాళ్లు అవుట్, కూచోవాలి. చివరిదాకా నిలబడ్డవాళ్లు గెలిచినట్టు. అంతమందిని కనిపెట్టడానికి నాకున్నవి రెండే కళ్లు గనక వరుసకొక లీడరును పెట్టాను. ఇక అవుటైనవాళ్లు ఊరుకుంటారా? గిల్లుకోవడాలు, తోసుకోవడాలు, "ఒరేయ్, నువ్వు ముట్టుకుంది బుగ్గరా, చెవి కాదు" అని కేకలు. గంట కొట్టేసరికి నాకు నిలబడే ఓపిక ఉండేది కాదు. కానీ ఉన్నమాట చెప్పాలి, ఆర్నెల్లు వల్లె వేయించినా రాని మాటలు ఈ ఆటలో పది రోజులకే వచ్చాయి.

మిరప కోతల రోజులొచ్చాయి. పిల్లలు తెల్లారకముందే కాయలు ఆరబోసిన కల్లానికి పోయేవాళ్లు. ఎండిన కాయల్లో తెల్లబారిన తాలు కాయలు ఏరి, తొడిమలు తీసి, అటునుంచి అటే బడికి వచ్చేవాళ్లు. ఆ చేతుల మంట నీళ్లతో కడిగితే పోయేది కాదు. మగ్గం గుంట పక్కన పెరిగినదాన్ని, ఇవన్నీ నాకేం తెలుసు? ఒకరోజు హుషారుగా "టచ్ యువర్ ఐస్" అన్నాను. అంతే, సగం క్లాసు కళ్లు పట్టుకుని లబోదిబోమంది.

సాయంత్రం ఒక తల్లి నా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. కొంగు ఇంకా నడుముకు చుట్టే ఉంది.

"ఏమమ్మా పంతులమ్మా, పిల్లల కళ్లు పోగొడతావా ఏంది? మిరపకాయ చేతుల్తో కళ్లు ముట్టుకోమంటారా ఎవురన్నా? ఇంగిలీషు రాకపోతే కూలికి పోయి బతుకుద్ది. కళ్లు పోతే ఎట్టా బతుకుద్ది నా బిడ్డ?"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే ఆట మార్చాను. మిరప రోజుల్లో నేను "టచ్ యువర్ ఐస్" అంటే ఎవ్వరూ చెయ్యెత్తకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. కళ్లు ముట్టుకున్నవాళ్లు అవుట్. పిల్లలకు అన్నిటికన్నా ఇదే నచ్చింది. నేనెంత గద్దించినా చేతులు వెనక్కి పెట్టుకుని, నన్ను ఓడించామని పకపకా నవ్వేవాళ్లు. ఆ తల్లి కూతురు మొదటి వరుస లీడరు. పదకొండేళ్లు నిండని పిల్ల. అందరికన్నా గట్టిగా నవ్వేది అదే.

ఆ మిరప రోజులు అయిపోకముందే ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారన్నారు. "ఒక్కరు కూడా మానడానికి వీల్లేదమ్మా, రిజిస్టర్లో ఉన్నవాళ్లంతా కనబడాలి" అని హెడ్మాస్టరు గారు నాకు ముందే చెప్పారు. పిల్లలు పోయేది చాలావరకు ఆయన కల్లానికే. ఆ పొద్దున బంట్రోతు అక్కడికే పోయి, ఉన్నవాళ్లను ఉన్నట్టు తోలుకొచ్చాడు.

ఆట బాగా సాగింది. ముక్కులు, చెవులు, మోకాళ్లు ఒక్కరూ తప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారు ముచ్చటపడి, "ఏదీ, నన్ను ఆడించనివ్వండి" అంటూ ముందుకొచ్చారు.

"టచ్ యువర్ హెడ్! టచ్ యువర్ ఐస్!"

చేతులన్నీ ఒక్కసారి వెనక్కి పోయాయి. పిల్లలు ముసిముసిగా నవ్వుతున్నారు. ఆయన మొహం మాడిపోయింది.

"ఏమండీ, వీళ్లకు ఐస్ అంటే కూడా తెలీదా?"

ఒక్క మాట అంటే సరిపోయేది. మిరపకాయ చేతులండీ, అనాలి, అంతే. అంటే ఎవరి కల్లం అని అడుగుతారు. పక్కనే హెడ్మాస్టరు గారు రెప్ప వేయకుండా నా వంకే చూస్తున్నారు. ఆయన్ని కాదని ఈ ఊళ్లో నా ఉద్యోగం నిలుస్తుందా? మగ్గం, కండెలు, మా వదిన వడ్డించే తీరు అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"టచ్ యువర్ ఐస్!" ఈసారి కసిరారు.

మొదటి వరుస పిల్ల నా వైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఊపితే చాలు. నేను తల దించుకున్నాను.

మళ్ళీ తలెత్తేసరికి ఆ పిల్ల రెండు చేతులూ కళ్ల మీద ఆనించుకుని ఉంది. దాన్ని చూసి దాని వరుస, ఆ వరుసను చూసి వెనక వరుసలు, అందరూ ముట్టుకున్నారు.

"వెరీ గుడ్" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. అంతలోనే ఏడుపులు మొదలయ్యాయి. "ఏమిటిది, ఎందుకేడుస్తున్నారు?" అన్నారు.

"తమర్ని చూసి బెదిరారండీ. పల్లెటూరి పిల్లలు గదా" అన్నారు హెడ్మాస్టరు గారు. ఇద్దరూ నవ్వుకుంటూ ఆఫీసు గదికి పోయారు.

నేను కుండలో నీళ్లు తెచ్చాను. కొంగు ఉండలా చుట్టి, నీళ్లలో ముంచి, ఒక్కొక్కళ్ల కళ్లకు అద్దుతూ పోయాను. అంతమందికి ఒక్క కొంగు ఏ మూలకు? ఛీ, ఏం బతుకు నాది అనిపించింది. అప్పుడే బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు. "బాగుందని రాశారండీ. మీ ఉద్యోగం ఖాయమేనంట!"

మొదటి వరుస పిల్ల దగ్గరికొచ్చాను. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెంపల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి. కొంగు అద్దబోతే కాస్త వెనక్కి జరిగింది.

"టీచరు గారూ, అందరం ముట్టుకున్నామండీ. అవుటే గదండీ?"

కోపంగా అనలేదు. లీడరు గనక అడిగింది. నా మొహం చూసి, అది వెనక్కి తిరిగి "కూచోండ్రా, మనం అవుట్" అని, తనూ కూచుంది. దాని వెనక ఒక్కో వరుసే కూచుంది. తడి కొంగు చేత్తో పట్టుకుని, ఆ షెడ్డులో చివరిదాకా నిలబడింది నేనొక్కదాన్నే.