నాలుక కొస పళ్ల మధ్య

పేషెంట్లు ఆమెకు హెడ్మాస్టరమ్మ అని పేరు పెట్టారు. ఆస్పత్రిలో ఆమెది పరిశోధన పని. గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇస్తే మింగడం కష్టమవుతుంది. మింగే వ్యాయామాలు చికిత్సతో పాటే మొదలుపెడితే మేలా, ఎప్పటిలా చికిత్స అయ్యాక నేర్పితే సరిపోతుందా అన్నది తేల్చాలి. అందుకని చీటీలు తీసినట్టు పేషెంట్లను రెండు జట్లు చేశారు. ముందు జట్టుకి ఇప్పుడే నేర్పాలి. వెనక జట్టుకి చికిత్స అయ్యేదాకా చెప్పకూడదు. ఇంత చిన్న సంగతి ఆ వెయిటింగ్ హాల్లో ఒక్కరి బుర్రకీ ఎక్కదు.

రేడియేషన్ మిషన్ ఒక్కటే. అది మొరాయించినప్పుడల్లా రెండు జట్లూ ఒకే హాల్లో పోగవుతాయి. వేర్వేరు పూటలు రమ్మని, కుర్చీలు ఎడంగా జరిపి, గోడకి కాగితాలు అంటించి, ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. డాక్టరుగారికి చెబితే, "వాళ్ల నోళ్లకి తాళాలు వేస్తామా?" అని నవ్వేశారు. ఆయనకేం, నవ్వుతారు!

వెనక జట్టులో ఆమె బాబాయి కూడా ఉన్నాడు. బస్సు కండక్టరుగా అరిచి అరిచి రిటైరైన మనిషి. తండ్రి పోయాక ఆమెను పెంచింది ఆయనే. ఇంట్లో ఆయన పాలు తాగుతూ పొలమారి ఉక్కిరిబిక్కిరవుతుంటే ఆమె వీపు నిమిరేది కానీ పెదవి విప్పేది కాదు. వ్యాయామం మేలు చేస్తుందని ఇంకా తేలలేదు కదా అని సర్దిచెప్పుకునేది. ఈమధ్య పొలమారడం తగ్గింది. పోనీలే, అదృష్టం అనుకుంది.

ఆరోజు మళ్లీ మిషన్ ఆగిపోయింది. ఆమె హాల్లోకి వెళ్లేసరికి ముందు జట్టు టైలరు నిలబడి పాఠం చెబుతున్నాడు.

"నాలుక కొస పళ్ల మధ్య పట్టుకోండి. ఆఁ, వదలకుండా గుటకెయ్యండి."

ఆమెకు ఒళ్లు మండింది. "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? చేసిందంతా బూడిదలో పోశారు కదా!"

"పక్కనున్న మనిషి మంచినీళ్లకే గిలగిల్లాడుతుంటే చూస్తూ ఎలా కూర్చుంటామమ్మా?" అన్నాడు టైలరు.

చివరి కుర్చీలో ఒకాయన నాలుక ఇంకా లోపలికి తీసుకోలేదు. బాబాయి.

ఆమె ఆయన్ని వరండాలోకి లాక్కొచ్చింది.

"ఎప్పట్నుంచి?"

"మిషన్ మొదటిసారి ఆగినప్పట్నుంచే."

"ఇంట్లో ఎప్పుడూ చూళ్లేదే!"

"స్నానాల గదిలో నీళ్లు వదిలి చేసేవాణ్ణి. చూస్తే నువ్వు పైవాళ్లకి చెప్పాలి కదే."

"ఇప్పుడు మాత్రం చెప్పొద్దా? నీ గొంతు బాగుపడింది దీనివల్లో, దానంతటదో ఎవరు తేలుస్తారు బాబాయ్? నన్నే అడిగుండొచ్చుగా!"

ఆయన ఆమె చేతిలోని సీసా తీసుకుని గటగటా నీళ్లు తాగాడు. ఒక్క దగ్గు కూడా రాలేదు.

"అడిగితే నాకు నేర్పేసేదానివి. నీ ఉద్యోగానికి ముప్పెందుకని అడగలేదు," అన్నాడు.

ఆమె సీసాకి మూత పెట్టింది. అడిగినా తను నేర్పి ఉండేది కాదు. ఆ మాట ఆయనతో అనలేకపోయింది.