ఎవరి తాలూకు అనే గడి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన గురువారం నాటికి నేను ప్రాచీన భారతదేశంలో స్త్రీల పరిస్థితిని దాదాపు పూర్తి చేశాను. ఇంకా రెండు గడులే మిగిలాయి.

సెప్టెంబరులో మా తెలుగువాళ్ళ సమావేశంలో చదవడానికి ఒక వ్యాసం రాయమన్నారు. విషయం: ప్రాచీన హిందూ, బౌద్ధ సమాజాల్లో స్త్రీ. నన్నే ఎందుకన్నదానికి మూడు కారణాలు చెప్పారు. చేతిరాత బాగుంటుంది. శుక్రవారాలు ఖాళీగా ఉంటాను. పెళ్ళి కాలేదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటాను. నేను పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, కువైట్‌లో ఫహాహీల్ దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్రెషర్ గేజీలు సరిచూసేవాణ్ణి. ఆ గేజీల గురించి తెలిసినదాంట్లో వందో వంతు కూడా ఆడవాళ్ళ గురించి తెలియదు. అయితే తెలియని విషయాన్ని కూడా పట్టికలో పెడితే తెలిసినట్టే కనబడుతుంది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా వేదకాలం, స్మృతుల కాలం, బౌద్ధం అనీ, నిలువుగా చదువు, ఆస్తి, పెళ్ళి, సన్యాసం, సంరక్షకుడు అనీ గీశాను.

వేదకాలం కింద చదువు గడిలో ‘ఉంది’ అని రాశాను; పండితులతో సభలో వాదించిన స్త్రీలు ఇద్దరు ముగ్గురు దొరికారు, అంతకంటే ఎక్కువమంది దొరకలేదు కాబట్టి ఎంతమందికి ఉందో రాయలేదు. స్మృతుల కింద సంరక్షకుడి గడి మాత్రం నిండిపోయింది: చిన్నప్పుడు తండ్రి, తరవాత భర్త, ముసలితనంలో కొడుకు. బౌద్ధం కింద సన్యాసం గడిలో ‘ఉంది, షరతులతో’ అని పెట్టాను. నాకు బాగా నచ్చింది అమరావతి రాళ్ళు. స్తూపానికి దానాలిచ్చినవాళ్ళ పేర్లు వాటిమీద చెక్కారు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ఎక్కువమంది ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి. కొందరు భిక్షుణులు మాత్రం ఏ మగవాడి తాలూకూ కాకుండా తమ పేరుతోనే ఉన్నారు. అన్నిటికీ అడుగున ఎర్ర ఇంకుతో ముగింపు కూడా ముందే రాసేశాను: ‘నేటి స్త్రీ ఈ బంధాలన్నిటినీ తెంచుకుంది.’

మూడు వారాలు గడిచేసరికి సమావేశం సంగతి ఎవరికీ గుర్తు లేదు. కంపెనీ గేటు దగ్గర సైనికులు కూర్చున్నారు. మా బిల్డింగులోని తెలుగువాళ్ళంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నాం. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోవాలి, అక్కణ్ణుంచి విమానంలో ఇండియాకి. బస్సుకు నలభై ఆరు సీట్లు. మా నాయకుడు మూడో అంతస్తులో ఉండే విజయవాడ ఇంజనీరు. అందరం ఆయన్ని పెద్దసార్ అనేవాళ్ళం. ఆయన భార్య ఎమ్మే చదివినావిడ, మా బ్రహ్మచారులందరికీ ఆంటీ. పాస్‌పోర్టు లేనివాళ్ళకి బాగ్దాద్‌లో మన ఎంబసీ తాత్కాలిక కాగితం ఇస్తుందని, అయితే ఏదో ఒక బృందం జాబితాలో పేరుండాలని తెలిసింది. ఆ జాబితా రాసే పని సహజంగానే నాకు వచ్చింది.

గడులు గీశాను. వరుస సంఖ్య, పేరు, పాస్‌పోర్టు, ఇఖామా అనే నివాసపత్రం, ఎవరి తాలూకు. చివరి గడి ఆడవాళ్ళకీ పిల్లలకీ. మగవాళ్ళకి అక్కడ ఒక అడ్డగీత. ఆ గడి పెట్టమని నాకెవరూ చెప్పలేదు. స్కేలు తీసుకోగానే చెయ్యి దానంతట అదే గీసింది.

నలభై అయిదు పేర్లు పూర్తయ్యాక ఒక ఉదయం ఆమె వచ్చింది. రాయచోటి వైపు మనిషి, నలభై దగ్గరపడుతున్న వయసు, చేతిలో ఒక రెగ్జిన్ సంచి. మా వీధి చివరి విల్లాలో పదకొండేళ్ళుగా పని చేస్తోంది. యజమానులు జులైలో సెలవులకి లండన్ పోయి అక్కడే ఉండిపోయారు. ఆమె పాస్‌పోర్టు కఫీల్, అంటే ఆమెని వీసా మీద రప్పించిన ఆ యజమాని, బీరువాలో ఉంది. బీరువా తాళం చెవి లండన్‌లో ఉంది.

“ఒక సీటు ఉండాదంట కదా సారూ. నన్ను గూడా రాసుకోండి. మా పిల్లోడు పన్నెండేండ్లోడు, అవ్వకాడ ఉండాడు. ఈడ యుద్ధమని ఆడ రేడియోలో చెప్తాంటారు. నేను ఉండానో లేనో గూడా వాళ్ళకు తెల్దు.”

“చూద్దాం, చూద్దాం. నీ తరఫున ఎవరున్నారమ్మా?” అన్నారు పెద్దసార్, నా కాగితంలోని చివరి గడి మీద వేలు పెట్టి.

“నాయన సచ్చిపోయె. మొగుడు యాడుండాడో వాన్నే అడగల్ల. కొడుకు సంగతి చెప్తిని గదా.”

“మగ దిక్కు లేకుండా ఒంటరి ఆడమనిషిని తీసుకెళ్తే దారిలో ఎన్ని ప్రశ్నలొస్తాయో! నలభై అయిదు మంది బాధ్యత నా మీద ఉంది.”

ఎవరో ఒకరి చెల్లెలని రాద్దామన్నాను. నాతో కలిపి అయిదుగురు బ్రహ్మచారులం ఆ గదిలోనే ఉన్నాం. ఒకడికి పెళ్ళి సంబంధం కుదిరి ఉంది. ఒకడికి ఇంటిపేరు కలవదు. ఒకడు అరబ్బులు అబద్ధం ఇట్టే పట్టేస్తారన్నాడు. నాలుగోవాడు నాకేసి చూశాడు. నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను.

“మా పనిమనిషి అని రాయండి, సరిపోతుంది,” అంది ఆంటీ.

“నీకు ఎప్పుడు పనిజేస్తినమ్మా? పదకొండేండ్లు మామాకు చేస్తి. ఆమె పేరే రాయండి కావాలంటే.” మామా అంటే ఆ విల్లా యజమానురాలు.

“లండన్‌లో ఉన్నావిడ పేరెలా రాస్తాం?” అని పెద్దసార్ విసుక్కున్నారు. సాయంత్రం డ్రైవరు వస్తాడని, అతన్ని అడిగి చెబుతామని అన్నారు. ఆమె వెళ్ళలేదు. అక్కడే గోడకి ఆనుకుని కూర్చుంది. మిగతావాళ్ళు సామాన్లు సర్దుకోవడానికి పోయారు. బల్ల మీది నా గ్రాఫు కాగితం ఆమె కంటబడింది.

“అదేంది అబ్బీ, కరెంటు బిల్లా?”

“కాదు. ప్రాచీన స్త్రీ.”

“ఎవురామె?”

పూర్వం ఆడవాళ్ళు ఎలా బతికారో రాసిన పట్టిక అని చెప్పి, సంరక్షకుడి గడి చదివి వినిపించాను. ఆమె మూడు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.

“ఇప్పుడు సారు నన్ను అడిగినేటివి ఆ మూడే గదా. ఎన్నేండ్ల కిందటిది ఇది?”

“సుమారు రెండు వేల ఏళ్ళు.”

“అబ్బా! బాగా గుర్తు పెట్టుకున్నారే మీ సార్లు.”

నాకు కొంచెం ఇబ్బందిగా ఉండి, బౌద్ధం గడికి పోయాను. ఎవరూ లేని ఆడవాళ్ళు, ఎవరూ వద్దనుకున్న ఆడవాళ్ళు సన్యాసం పుచ్చుకోవచ్చని, మఠంలో చదువుకోవచ్చని, దానాలు కూడా ఇచ్చారని చెప్పాను.

“అది బాగుండాది. మరి ‘షరతులు’ అంటివే?”

“భిక్షుణి సంఘంలో చేరి నూరేళ్ళయినా సరే, ఆ రోజే చేరిన కుర్ర భిక్షువు వస్తే లేచి దండం పెట్టాలి.”

ఆమె నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. “మా మామా కొడుకు అంతే అబ్బీ. నేనెత్తుకోని పెంచినోడు. మీసాలొచ్చినంక వాడు గదిలోకొస్తే నేను లేసి నిలబడల్ల. ఆ సన్యాసం నేను పదకొండేండ్ల కిందనే తీసుకుంటి లే.”

ఆ మాట పట్టికలో ఏ గడిలో వేయాలో తెలియలేదు. జాబితాలో ఆమె పేరు ముందు వరుస సంఖ్య మాత్రం వేసి ఉంచాను, పెన్సిలుతో.

నాలుగు గంటలకి డ్రైవరు వచ్చాడు. నెరిసిన గడ్డం, అరబ్బీ తప్ప ఇంకే భాషా రాదు. పెద్దసార్ నా జాబితా చూపించి ఇంగ్లీషులో వివరించారు. అతను తల అడ్డంగా ఊపాడు. ఆయన అదే ఇంగ్లీషును ఇంకా గట్టిగా వినిపించారు. మా బిల్డింగులో డిగ్రీలున్నవాళ్ళు పదహారు మంది. కువైట్‌లో సగటున ఆరేళ్ళుగా ఉన్నాం. అరబ్బీలో మాకు వచ్చినవి యల్లా, ఖలాస్, ఇంకో రెండు తిట్లు.

గోడ దగ్గర నుంచి ఆమె లేచి అతన్ని ఏదో అడిగింది. అతను జవాబిచ్చాడు. ఆమె మళ్ళీ అడిగింది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి కలం తీశాడు. ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ చెబుతుంటే అతను కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోయాడు. ఎక్కడా స్కేలు వాడలేదు.

“ఏం రాయించావమ్మా?” అన్నారు పెద్దసార్.

“దావలో ఒంటి మొగోళ్ళ గుంపైతే దించి ప్రశ్నలేస్తాండారంట సారూ. ఫ్యామిలీ అయితే పొమ్మంటారంట. అరబ్బీలో కాగితం ఉండల్ల, బాధ్యత ఒకరిది ఉండల్ల, వాళ్ళకు మాట్లాడను రావల్ల అన్నె. నాకే గదా వచ్చేది. అందరూ మావాళ్ళేనని రాయిచ్చినా.”

“మావాళ్ళంటే?”

“నువ్వు మా నాయన. ఈ అబ్బీలంతా మా తమ్ముళ్ళు.”

“నీకంటే నాకు ఏడెనిమిదేళ్ళే ఎక్కువుంటాయి!”

“అయితే చిన్నాయనని మార్పియ్యల్లా?”

ఆగస్టు మొదలయ్యాక ఆంటీ నవ్వడం అదే మొదటిసారి విన్నాను. “అయితే నేను నీకు అమ్మనన్నమాట.”

“పినతల్లివి లేమ్మా. మా నాయనకు రెండో పెండ్లానివి.”

పెద్దసార్ నాతో, “పేరు ఇంకుతో రాసెయ్యవయ్యా,” అన్నారు. రాశాను. చివరి గడి దగ్గర ఒక్క క్షణం ఆగాను. మగవాళ్ళకి పెట్టినట్టే అక్కడ ఒక అడ్డగీత పెట్టాను.

దారిలో ఏడుచోట్ల ఆపారు. ప్రతిచోటా ఆమె ముందు సీటులోంచి లేచి కాగితం ఇచ్చేది. సైనికుడు వెనక్కి చూస్తూ ఏదో అడిగితే పెద్దసార్‌ని చూపించేది. ఆయన ఏమీ అర్థం కాకపోయినా “యెస్ సర్” అనేవారు. ఒక తండ్రి చెప్పవలసింది అంతకంటే పెద్దగా ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బాగ్దాద్‌లో నా జాబితా చూసి ఆమెకి తాత్కాలిక కాగితం ఇచ్చారు. దాన్ని ఆమె జాకెట్లో దాచుకుని జోర్డాన్ సరిహద్దు దాకా చేత్తో తడుముకుంటూనే ఉంది. సరిహద్దులో ఒక అధికారి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అతను ముద్ర వేశాడు.

అవతల ఎడారిలో గుడారాలు. ఫ్యామిలీలకి వేరు, బ్రహ్మచారులకి వేరు. ఆమె పుణ్యాన మేం ఫ్యామిలీల వైపు పడ్డాం. నీళ్ళ లారీకి ఆ వైపే దగ్గర. మూడో రోజు ఉదయం ఒక గుమాస్తా వచ్చి, మొదటి విమానానికి ఆడవాళ్ళూ పిల్లలూ మాత్రమే అన్నాడు. నా జాబితా తీసుకుని ఆడవాళ్ళ పేర్లు మాత్రం చదివాడు. ఎవరి తాలూకు అన్నది చదవలేదు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. “పిల్లోడు నన్ను గుర్తుపట్టేది అనుమానమే అబ్బీ,” అంది. ఆంటీ ఆమె చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నానికి మా గుడారం ఇంకో ఫ్యామిలీకి ఇచ్చేశారు. బ్రహ్మచారుల వైపు వరుసలో నిలబడితే, పేర్లు రాసుకునే కుర్రాడు కాగితం చూసుకుంటూ అడిగాడు, “మీతో ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

“ఉండేవాళ్ళు,” అన్నారు పెద్దసార్. “ఇవాళే వెళ్ళిపోయారు.”

అయితే విమానానికి వారమైనా పడుతుందని చెప్పాడు. తొమ్మిది రోజులు పట్టింది.